రేగుపండు నేర్పిన ఉద్యోగం

"పండ్ల నిల్వ టీచరంటే ఏం పని చెయ్యాలి మేడం?" అని ఈ మధ్య కోలారు బస్టాండులో ఒక అమ్మాయి నన్ను అడిగింది. ఆమెకు కొత్తగా ఆ ఉద్యోగమే వచ్చింది. నేను ఆ ఉద్యోగం నుంచే రిటైరయ్యాను. జాములూ ఊరగాయలూ నేర్పించడమమ్మా అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుందామనుకున్నాను. కానీ మాట మొదలయ్యాక ఆగలేదు. ఆమె ఎక్కాల్సిన ముళబాగిలు బస్సు వచ్చింది, వెళ్ళింది. తరువాతి బస్సూ వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమెకు గజిబిజిగా చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం కుదురుగా రాస్తున్నాను. నేనెప్పుడు చేరాను, ఏ హోదాలో దిగిపోయాను అనే సంగతులు చదవడం ఎవరికైనా విసుగే, కాబట్టి అవి వదిలేస్తున్నాను.

పని ఏమిటో ముందు చెప్తాను

స్టవ్వు, గిన్నెలు, జల్లెడ, సీసాలు ఒక పెట్టెలో సర్దుకొని బస్సెక్కడం. ఏదో ఒక ఊళ్ళో బడి వరండాలోనో, పాల సంఘం గదిలోనో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, ఆ కాలంలో పండే పండు కుళ్ళిపోకుండా ఎలా దాచుకోవాలో చేసి చూపించడం. చూడ్డానికి ఇంతే. మా జిల్లాలో టమాటా విరగకాసినప్పుడు సాసు, మామిడి రాలినప్పుడు తాండ్ర, ద్రాక్ష వచ్చినప్పుడు షర్బతు. పాఠాలన్నీ ముందే అచ్చువేసి ఉండేవి. వాటిలో సగం పాఠాలు చక్కెరను నమ్ముకున్నవే. ఏ పండైనా దానికి సమానంగా చక్కెర పోస్తే నిల్వ ఉంటుంది. అందులో గొప్పేముంది?

అసలు పని వేరే ఉంది. ఒక ఊరి నోరు దేనికి అలవాటు పడిందో తెలుసుకోవడం. రాగి ముద్ద తినేవాళ్ళకు బ్రెడ్డు మీద పూసుకునే జాము నేర్పిస్తే మర్యాదగా తల ఊపుతారు. ఇంటికి వెళ్ళి మరిచిపోతారు. ముద్దలోకి నంజుకునేదేదైనా నేర్పిస్తే మరుసటి వారం చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొని వస్తారు. కొత్తగా చేరేవాళ్ళు ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలు.

మా పాఠాల్లో రేగుపండు లేదు. దాన్ని నా చేతిలో పెట్టినవాడు మా ఆఫీసరు శ్రీనివాసయ్యగారు.

నాలుగు రుచుల చెట్టు

శ్రీనివాసయ్యగారు నర్సరీలో అంట్లు కట్టే పనితో మొదలుపెట్టి ఆఫీసరయిన మనిషి. ఎప్పుడూ తొందరపడేవాడు కాదు. నేను చేరిన కొత్తలో ఒక చలికాలం జీపులో నంగలి వైపు వెళ్తూ దారిలో బండి ఆపించాడు. గట్టు మీద ఒక ముళ్ళ చెట్టు. కొమ్మ వంచి, ఒకే కొమ్మ నుంచి కాయలు కోసి నా అరచేతిలో వరసగా పెట్టాడు. ఒకటి పచ్చిది, ఒకటి పసుపు తిరిగింది, ఒకటి ఎర్రగా పండింది, ఇంకొకటి చెట్టు మీదే ఎండి ముడతలు పడింది.

"ఒక్కొక్కటే తినమ్మా. మధ్యలో మాట్లాడవద్దు" అన్నాడు.

తిన్నాను. పచ్చిది నాలుకను పిండేసే పులుపు, వగరు. పసుపుది కరకరలాడుతూ ఆపిల్‌ను గుర్తుచేసింది. ఎర్రది మెత్తగా, పులుపూ తీపీ కలిసిపోయి ఉంది. ముడతలది నోట్లో పెట్టగానే బెల్లంలా కరిగింది, దాని వాసన ముక్కులోకి ఎక్కింది. ఒకే చెట్టు, ఒకే కొమ్మ. చిన్నప్పటి నుంచి గట్ల మీద చూస్తున్న చెట్టే. రేకు డబ్బాల్లో ఏరుకొని తిన్న పండే. అయినా ఆ రోజు నేను దాన్ని మొదటిసారి తిన్నట్టనిపించింది.

"ఇప్పుడు చెప్పు. దీంతో ఏం చేస్తావు?"

పచ్చికాయ దంచి, ఉప్పూ కారం వేసి, ఇంగువ పోపుతో పచ్చడి చేయవచ్చు, ఆవపిండి కలిపి ఊరగాయ పెట్టవచ్చు అన్నాను. దోరకాయను ఉప్పుకారం అద్దుకొని తినడమే మేలు, దాన్ని వండితే పాపం. పండుతో షర్బతు, జాము. ఎండిన పండును దంచి తట్టే వడలు, చారు. చెప్తూ చెప్తూ నాకే ఆశ్చర్యమేసింది. ఒక్క పండుతో సంవత్సరమంతా సరిపోయే పాఠం ఉంది. నీళ్ళు పెట్టినవాళ్ళు లేరు, ఎరువు వేసినవాళ్ళు లేరు.

ఆ పండుకు మా జిల్లాలో మూడు పేర్లు. తెలుగువాళ్ళం రేగుపండు అంటాం, కన్నడంవాళ్ళు ఎలచి అంటారు, బంగారు గనుల ఊళ్ళోకి వెళ్తే అందరూ తమిళంలో ఎలందపళం అంటారు. మూడు పేర్లూ తెలిసి ఉండడం నా ఉద్యోగంలో ఏ సర్టిఫికెట్టు కంటే ఎక్కువ పనికొచ్చింది.

జీపు ఎక్కుతూ శ్రీనివాసయ్యగారు ఇంకో మాట అన్నాడు. "తిండిని తిండిగానే చెప్పమ్మా. మందని ఎప్పుడూ చెప్పవద్దు. మందన్నావంటే ఎవరో ఒకరు వాళ్ళ మందు మానేస్తారు." అప్పుడు అది పెద్దవాళ్ళు చెప్పే జాగ్రత్తల్లో ఒకటి అనుకున్నాను.

పండులో నిజంగా ఏముంది

ఇది కూడా సూటిగా చెప్పేస్తాను. ఈ రోజుల్లో ఫోన్లో వచ్చే వీడియోల ప్రకారం రేగుపండుతో నయంకాని జబ్బు లేదు. నేను చెప్పగలిగింది చాలా తక్కువ, కానీ అది గట్టిది.

తాజా పండులో సి విటమిను పుష్కలంగా ఉంటుంది. నారింజతో పోటీ పడుతుంది. మన రాగుల్లో ఇనుము ఉంటుంది కానీ ఒంటికి అంత సులభంగా పట్టదు. ముద్దతో పాటు ఇలాంటి పుల్లటి పండు ఏదైనా తింటే కాస్త ఎక్కువ పడుతుంది. రాగి ముద్ద, పచ్చి రేగికాయ పచ్చడి కలిపి తిన్న మన ముసలమ్మలకు ఈ సంగతి తెలుసా అంటే, తెలియదు. రుచిగా ఉందని తిన్నారు. రుచి వాళ్ళను సరైన చోటికి తీసుకెళ్ళింది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

పీచు ఉంటుంది, కాబట్టి మలబద్ధకానికి మంచిదే. ఎండబెడితే సి విటమిను చాలావరకు పోతుంది, తీపి చిక్కబడుతుంది. అందుకే చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు ఎండు పండునూ, బెల్లం కలిపిన వడలనూ లెక్క చూసుకొని తినాలి. గింజను నిద్ర కోసం చైనావాళ్ళు వాడతారని చదివాను. అది వేరే జాతి పండు. నేను చూడలేదు, కాబట్టి చెప్పను. పండును కొరికే ముందు విరిచి చూడండి, లోపల పురుగు ఉండవచ్చు. పసిపిల్లలకు గింజ తీసి పెట్టండి. నాకు తెలిసిన వైద్యం ఇంతే.

చాంపియన్ రీఫ్స్ హాలు

బంగారు గనులు మూసేసిన తరువాత కొన్నేళ్ళకు ఆ గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో క్లాసులు పెట్టమని నన్ను పంపారు. కార్మికుల ఇళ్ళను అక్కడ లైన్లంటారు. రైలు పెట్టెల్లా ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. ఆ వెనక ఆకాశంలోకి లేచిన ఇనుప గోపురం, కేజి అనే ఇనుప బోనులో మనుషుల్ని గనిలోకి దించిన చక్రం దాని మీద ఆగిపోయి ఉంది. నేను రాగి చేల మధ్య పుట్టినదాన్ని. అంత లోతుకు మనుషులు రోజూ దిగి వచ్చారంటే నాకు నమ్మశక్యంగా ఉండేది కాదు.

క్లాసుకు కాంతమ్మ అనే ఆమె వచ్చేది. వాళ్ళ తాతలు పుంగనూరు వైపు నుంచి గని పనికి వచ్చినవాళ్ళు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చి, ముందుగా వెళ్ళిపోయేది. రుచి చూడమని ఏది ఇచ్చినా తినకుండా మూట కట్టుకునేది. ఒకరోజు అడిగాను.

"మా ఆయనకు మేడం" అంది. "ముద్ద చేసి పెట్టినా, అన్నము పెట్టినా రెండు కడిలు తిని చెయ్యి కడిగేస్తాడు. నోరు చచ్చిపోయిండాది అంటాడు. ఏదన్నా కొత్తది పెడితే తింటాడేమో అని."

ఆమె భర్త పేరు నాగప్ప. గనిలో రాళ్ళు తొలిచే పని చేసినవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకొని గట్టిపడిపోయింది. అది తగ్గేది కాదని డాక్టరు ముందే చెప్పేశాడు. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నాగప్ప గుమ్మం దగ్గర, గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. వెడల్పాటి భుజాలు, వాటి మీద వేలాడుతున్న చొక్కా. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య గాలి కోసం ఆగేవాడు.

"మేడం వచ్చినారా. కూర్చోండమ్మా" అన్నాడు. ఆ రెండు మాటలకే అలసిపోయాడు.

నా సంచిలో ఎండు రేగుపళ్ళున్నాయి. క్లాసులో వడల కోసం తెచ్చినవి. తినడానికి నమలాల్సిన పని లేకుండా ఏదైనా చేద్దామని కాంతమ్మా నేనూ పొయ్యి దగ్గర కూర్చున్నాం. పళ్ళను వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, గింజలూ తొక్కలూ తీసేశాం. ఆ గుజ్జులో చింతపండు వేయలేదు. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి, ఒక్క పొంగు రానిచ్చి, ఎండుమిరపకాయ, కరివేపాకుతో పోపు పెట్టాం. ఆ వాసన ఇంట్లోంచి లైనులోకి వెళ్ళింది. పక్కింటామె వచ్చి తొంగి చూసింది.

నాగప్ప గుమ్మం దగ్గర నుంచే అడిగాడు. "ఏమి చేస్తా ఉండారు?"

"ఎలందపళం రసము" అంది కాంతమ్మ.

"అన్నములో పోసి తే."

ఆమె నా వైపు చూసింది. తనంతట తాను అన్నం అడిగి ఎన్నాళ్ళయిందో ఆమె ముఖంలో తెలిసింది. మెత్తగా పిసికిన అన్నంలో చారు పోసి తెచ్చింది. నాగప్ప ఒక ముద్ద తిన్నాడు, గాలి పీల్చుకున్నాడు. ఇంకో ముద్ద. ఆయన తింటున్నంతసేపూ కాంతమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. గిన్నె అడుగు కనిపించాక నాగప్ప తలెత్తి, "ఇంగా ఉండాదా?" అన్నాడు.

నా ఉద్యోగంలో నేను చాలా చూశాను. సభల్లో చప్పట్లు విన్నాను. ఆ ఒక్క మాట ముందు అవన్నీ చిన్నవే. ఒక మనిషి ఇంకొంచెం అన్నం అడగడం ఎంత పెద్ద విషయమో అప్పటిదాకా నాకు తెలియదు.

ఎందుకు తిన్నాడంటే నేను చెప్పగలను. ఆ పులుపుకు నోట్లో నీళ్ళూరతాయి, మిరియం నాలుకను లేపుతుంది, నమిలే శ్రమ లేదు. కారణం తెలిసినంత మాత్రాన ఆశ్చర్యం తగ్గదు. కాంతమ్మ ఆ చలికాలమంతా అదే చారు పెట్టింది. నాగప్ప మెల్లగా అన్నం తినడం మొదలుపెట్టాడు, దాని వెంట పప్పు, గుడ్డు కూడా. కొన్నాళ్ళకు లైను చివర దాకా నడిచి, అక్కడి అరుగు మీద కూర్చొని తిరిగి వచ్చేవాడు.

మందు అనే మాట

లైన్లలో కబురు నడిచినంత వేగంగా రైలు నడవదు. నాగప్ప నడుస్తున్నాడు, అది అందరికీ కనిపించింది. ఎలందపళంతో నాగప్ప ఊపిరి బాగయిందట అన్నారు. తరువాత, ఎలందపళం తింటే దగ్గు పోతుందట, షుగరు పోతుందట అన్నారు. నేను క్లాసుకు వెళ్తే గుమ్మంలో మనుషులు కాచుకొని ఉండేవారు. నేను కాదని చెప్పేదాన్ని. నేనేదో రహస్యం దాస్తున్నానని అనుకునేవారు.

బజారులో చిన్న అంగడి ఉన్న ఒకాయన కాంతమ్మ దగ్గరకు వచ్చాడు. ఎండు రేగుపళ్ళ పొడి చేసి ఇస్తే పొట్లాలు కడతాను, పొట్లం మీద నాగప్ప ఫోటో వేస్తాను అన్నాడు. కాంతమ్మ అవుననలేదు, కాదనలేదు. ఆమె ఇంటి పరిస్థితి నాకు తెలుసు. ఆమె ఒప్పుకొని ఉంటే తప్పుపట్టడానికి నాకు నోరు వచ్చేది కాదు.

ఇంతలో ముత్తమ్మ సంగతి జరిగింది. ముత్తమ్మ అదే లైనులో ఉండేది. చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకునేది. వాటిని మానేసి, ఎండు రేగుపళ్ళు బెల్లంతో కాచి రోజూ గ్లాసు నిండా తాగడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. కుళాయి దగ్గర బిందె పట్టుకొని నిలబడినది అలాగే కూలిపోయింది. ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. బతికింది. ఇంటికి వచ్చినప్పుడు మనిషి సగమైపోయింది.

శ్రీనివాసయ్యగారు జీపులో చెప్పిన మాట అప్పుడు నాకు నిజంగా అర్థమైంది. ఆయనకు ఫోన్ చేశాను. "నువ్వు చెప్తే వినరమ్మా. వాళ్ళు నమ్మింది నాగప్పను. నాగప్పనే అడుగు" అన్నాడు.

అడిగాను. నాగప్ప గోడ పట్టుకొని లేచాడు. "నేను వస్తాను" అన్నాడు.

తరువాతి క్లాసుకు హాలు నిండిపోయింది. మగవాళ్ళు కిటికీల దగ్గర నిలబడ్డారు. ముత్తమ్మ గోడ పక్కన చాప మీద కూర్చుంది. ఇంటి నుంచి హాలు దాకా నాగప్ప ఆగి ఆగి నడిచి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకొని నిలబడ్డాడు. ఊపిరి సర్దుకునేదాకా అందరూ ఎదురుచూశారు. ఆయన ఛాతీలోని పిల్లికూతలు హాలంతా వినిపించాయి.

"ఇది విన్నారా?" అన్నాడు. "ఇదే నా ఊపిరి. ముందు ఎట్ల ఉండిందో ఇప్పుడూ అట్లనే ఉండాది. రసము నా నోటికి రుచి తెచ్చింది. రుచి వచ్చింది, అన్నము తిన్నాను. అన్నము తిన్నాను, నడిచినాను. అంతేనప్పా. నా మాత్రలు నేను ఇడిసిపెట్టలేదు. మీరూ ఇడవద్దండి."

కొంచెం ఆగి కిటికీ దగ్గరున్న అంగడాయన వైపు తిరిగాడు. "నా ఫోటో వేస్తానంటివంట. వెయ్యి. దాని కింద, ఈయనకు ఇంగా దగ్గు ఉండాది అని రాయి."

అంగడాయన తల దించుకున్నాడు. ముత్తమ్మ చాప మీద నుంచి, "నిజము చెప్పినావన్నా" అంది. నాగప్ప అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. కాంతమ్మ నీళ్ళు అందించింది.

ఆరోగ్యం గురించి నేను విన్న ఉపన్యాసాల్లో అంత చిన్నది లేదు, అంత గొప్పదీ లేదు. తన ఊపిరిలో మిగిలిన కొంచెం గాలిని ఆయన ఆ నాలుగు మాటల కోసం ఖర్చుపెట్టాడు. పొడి పొట్లాల మాట అక్కడితో ఆగిపోయింది. కాంతమ్మ రేగి వడలు చేసింది. ఎండు పళ్ళను రోట్లో బెల్లం, ఎండుమిరపకాయలు, ఉప్పు, జీలకర్రతో దంచి, బిళ్ళలుగా తట్టి ఎండబెట్టడం. అంగడాయనే వాటిని తిండి వస్తువుగా అమ్మిపెట్టాడు. జనం రుచికోసం కొన్నారు.

దిబ్బ పక్కన చెట్లు

వడలకు పళ్ళు చాలలేదు. చాంపియన్ రీఫ్స్ చుట్టూ గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, బంగారం లాగేశాక మిగిలిన పొడి కొండల్లా పోసి ఉంటుంది. సైనైడు దిబ్బలంటారు. వాటి మీద గడ్డి కూడా సరిగా మొలవదు. కానీ ఒక దిబ్బ అంచున రేగుచెట్లున్నాయి. కాంతమ్మ నన్ను తీసుకెళ్ళి చూపించింది. బూడిద రంగు పొడిలోంచి లేచిన చెట్లు, కొమ్మలు వంగిపోయేంత కాపు. గాలి వస్తే పొడి లేచి ఆకుల మీద పడుతోంది. నేను దగ్గరకు వెళ్ళలేకపోయాను. ఇంత చావు మట్టిలో నిలబడి ఇంత కాపు ఎలా కాశావమ్మా అని ముందున్న చెట్టుకు దండం పెట్టాలనిపించింది, భయమూ వేసింది.

శ్రీనివాసయ్యగారిని అడిగితే, "చెట్టు బతికిందని పండు తినవచ్చని కాదు. ఆ పండులో ఏముందో నాకు తెలియదు. తెలియదనే చెప్పు" అన్నాడు.

క్లాసులో చెప్పాను. ఇద్దరు ముగ్గురు కోపం చేసుకున్నారు. "చిన్నప్పటినింటి తిన్నాము మేడం. ఏమయింది మాకు?" అన్నారు. జవాబు కాంతమ్మ ఇచ్చింది. ఎవరో దిబ్బ దగ్గర ఏరుకొచ్చిన తట్టను ఆమె బయటకు తీసుకెళ్ళి గుంటలో కుమ్మరించింది.

"గని దుమ్ము ఒకసారి మా ఇంట్లోకి వచ్చిండాది" అంది. "మళ్ళా నేను తట్టలో పెట్టుకొని తీసుకురాను."

ఆ తరువాత ఎవరూ వాదించలేదు. అయితే వడలకు పళ్ళెక్కడివి? అప్పుడు నాకు నంగలి గుర్తొచ్చింది.

నంగలి వాలు

నంగలి దగ్గర వెంకటరామప్ప అనే రైతుకు రాళ్ళు తేలిన వాలు నేల ఉండేది. కింది పొలంలో రాగి, పట్టుపురుగులకు కొంచెం మల్బరీ, రెండు ఆవులు. వాలు మీద టమాటా పెడదామని బోరు వేయించాడు, నీళ్ళు పడలేదు. వాలు నిండా అడవి రేగుచెట్లు. వాటిని పొక్లెయిను పెట్టి పెరికించేయాలని చూస్తున్నాడు. క్లాసులకు మామిడికాయలు ఇచ్చే మనిషి కాబట్టి నాకు పరిచయం.

శ్రీనివాసయ్యగారు అప్పటికి రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. అయినా తనే వచ్చాడు. వాలంతా తిరిగి చూసి, "సగం చెట్లను మోకాలెత్తులో కోసేద్దాం. చిగురు వచ్చాక మంచి రకం అంటు కడదాం. మిగతా సగం అడవివి అలాగే ఉండనీ. వడలకూ చారుకూ వీటి పులుపే కావాలి" అన్నాడు.

వెంకటరామప్ప మొదళ్ళ వైపు చూశాడు. "ఈ ఎండల్లో కోసేస్తే చచ్చిపోవా సార్? నీళ్ళు యాడ తెచ్చేది?"

"నీళ్ళు వద్దప్పా. చూస్తా ఉండు."

వేసవి మొదట్లో కోశారు. వాలులో ఆ సగం మీద మొండి మోళ్ళు తప్ప ఏమీ మిగలలేదు. ఆ ఎండల్లో నేను అటు వెళ్ళినప్పుడల్లా వెంకటరామప్ప నన్ను చూసి పక్కకు తిరిగేవాడు. నాకూ ధైర్యం లేదు. నేల పగిలింది. ఊళ్ళో ఇంకో రెండు బోర్లు ఎండిపోయాయి. ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు. "మేడం, ఒకసారి వచ్చి చూడండమ్మా" అన్నాడు.

వెళ్ళాను. చినుకు పడలేదు. కాలు పెడితే చెప్పు కాలే నేల. ఆ మోళ్ళన్నిటి నుంచీ చిగుళ్ళు పొడుచుకొచ్చాయి. లేత ఆకుపచ్చ, పైన నూగు. వెంకటరామప్ప ఒక మోడు దగ్గర గొంతుక్కూర్చుని చిగురును వేలితో తాకి చూపించాడు. "నేను దీనికి ఒక చెంబు నీళ్ళు పోయలేదు మేడం. పెరికేయాలని చూసినాను కదా దీన్ని" అన్నాడు.

వానలు మొదలయ్యాక శ్రీనివాసయ్యగారు స్వయంగా కూర్చొని అంట్లు కట్టాడు. వేళ్ళు వణికేవి, కత్తి మాత్రం తప్పలేదు. ఆ చలికాలం నుంచే చాంపియన్ రీఫ్స్ ఆడవాళ్ళు బస్సులో వచ్చి అడవి పళ్ళు కోసుకెళ్ళేవాళ్ళు. కింద పాత చీరలు పరిచి, కొమ్మల్ని కర్రతో తట్టేవాళ్ళు. ముళ్ళు గీరుకోని చెయ్యి ఒక్కటీ ఉండేది కాదు. మరుసటి ఏడు అంటు కొమ్మలు కాశాయి. కోడిగుడ్డంత కాయలు, కరకరలాడే తీపి. వాటిని వెంకటరామప్ప కోలారుకు పంపాడు.

ఆ మొదటి కాపు చూడ్డానికి నాగప్ప కూడా వస్తానన్నాడు. అదే ఆయనకు చివరి చలికాలమని అప్పుడు మాకు తెలియదు. వెంకటరామప్ప తన సరుకు ఆటోలో పరుపు వేసి తీసుకొచ్చాడు. నాగప్ప చెట్టు నీడలో కూర్చొని అంటు కాయ ఒకటి తిన్నాడు, అడవి పండు ఒకటి తిన్నాడు. "పెద్దది బాగుండాది. చిన్నది ఇంగా బాగుండాది" అన్నాడు. తరువాత చెట్టు మొదలును చూస్తూ, "దీని వేరు యాడిదాకా పోతాదప్పా?" అని అడిగాడు.

వెంకటరామప్ప ఆయన చెయ్యి పట్టుకొని లేపాడు. వాలు అంచున ఒక పాత దిగుడు బావి ఉంది. ఎప్పుడో ఎండిపోయింది. గట్టు మీద ఒక పెద్ద రేగుచెట్టు. దాని వేరు బావి గోడలో రాళ్ళ సందుల్లోంచి బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటపడి, చేతి మందాన కిందికి దిగుతూ పోయింది. అడుగున వెలుతురు చాలని చోట కూడా అది ఆగలేదు. నేలలోకి వెళ్ళిపోయింది.

నాగప్ప గట్టు రాయి మీద రెండు చేతులూ ఆనించి వంగి చూశాడు. వెంకటరామప్పా నేనూ ఆయన చెరో భుజం పట్టుకున్నాం. కాంతమ్మ పళ్ళు కోయడం ఆపి వచ్చి మా వెనక నిలబడింది.

"మేము కేజిలో దిగినాము" అన్నాడు నాగప్ప, లోపలికే చూస్తూ. ఊపిరి తీసుకున్నాడు. "మాకు పైనించి గాలి పంపినారు, దీపము ఇచ్చినారు. అయినా భయముతోనే దిగినాము." ఇంకోసారి ఊపిరి తీసుకున్నాడు. "దీనికి ఎవురు పంపినారప్పా గాలి?"

ఆయన చూడటం అయ్యేదాకా భుజాలు పట్టుకొని నిలబడ్డాం.